జాతీయ పండుగలు - మన నేల తిండి

(పాఠశాల ప్లాటినం జూబిలీ ఉత్సవాలలో భాగంగా, జాతీయ పోషణ మాసం సందర్భమున ఏర్పాటైన తల్లిదండ్రుల, పూర్వ విద్యార్థుల సమావేశంలో ప్రధానోపాధ్యాయిని చేసిన ప్రసంగ పాఠం)



ప్లాటినం జూబిలీ సభలో ప్రధానోపాధ్యాయిని మాట్లాడుతున్నదంటే పాఠశాల చరిత్ర, పరీక్షా ఫలితాలు, కొత్త గదుల అవసరం గూర్చి చెప్పునని మీరు ఎదురుచూచి యుందురు. వాటిని చెప్పుటకు పెద్దలు ఉన్నారు. నేను మాత్రం మన పిల్లల భోజనపు డబ్బా గూర్చి నాలుగు మాటలు మనవి చేయదలచాను. విషయం చిన్నదిగా తోచవచ్చు. కాని ముప్పై ఏండ్ల ఉపాధ్యాయ జీవితంలో నేను చేసిన ఒక పెద్ద తప్పు ఆ డబ్బా వద్దనే జరిగినది. దానిని దాచుకొని మీకు నీతులు చెప్పడం న్యాయం కాదు.

2018వ సంవత్సరం నుండి ప్రతి సెప్టెంబరు నెలను మన దేశంలో జాతీయ పోషణ మాసంగా జరుపుకొంటున్నాము. ఆ నెలలో పాఠశాలలన్నింటిలో వలెనే మన బడిలోనూ ప్రతిజ్ఞ చేయిస్తాము, ముగ్గులు వేయిస్తాము, రంగురంగుల చిత్రపటాలు గోడలకు అంటిస్తాము. స్థానికంగా, ఋతువును అనుసరించి దొరికే ఆహారమే మేలని పిల్లలు ఎంతో చక్కగా ఉపన్యసిస్తారు. సభ ముగిసిన తర్వాత వరుసలో నిలబెట్టి ఒక్కొక్కరి చేతిలో ఒక బిస్కెట్ పొట్లం పెట్టి ఇంటికి పంపుతాము. ఎన్నో ఏండ్లు ఆ పొట్లాలను స్వయంగా ఈ చేతులతోనే పంచాను. మాటకూ చేతకూ నడుమ ఉన్న ఆ దూరాన్ని పిల్లలు గమనించరని అనుకొన్నాము. పిల్లలు గమనించనిదేమున్నది?

మనమెవరము? మన ముత్తాతలు కరీంనగరం, వరంగల్లు, నల్లగొండ, పాలమూరు సీమల నుండి కరవులకు ఓర్వలేక, బ్రతుకుతెరువు వెతుక్కుంటూ ఈ షోలాపురానికి చేరినవారు. 1877లో ఇక్కడ నూలుమిల్లు నడవడం మొదలైన తర్వాత ఆ రాక మరింత పెరిగినది. సాఖర్ పేట, భవానీ పేట, దాజీ పేట వీధులలో మగ్గాల చప్పుడుతో పాటు తెలుగు మాట స్థిరపడినది. వచ్చినవారు తమ వెంట మార్కండేయుని భక్తిని తెచ్చుకొన్నారు, బతుకమ్మ పాటలను తెచ్చుకొన్నారు. కాని ఒక వస్తువును మాత్రం తెచ్చుకోవలసిన పని లేకపోయినది. అది జొన్న. అక్కడ ఏ రొట్టె విడిచి వచ్చారో ఆ రొట్టే ఇక్కడ ఎదురై పలుకరించినది. మనము రొట్టె అన్నాము, ఇరుగుపొరుగు మరాఠీవారు భాకరీ అన్నారు. భాష మారినది, బడి మారినది, రాష్ట్రం మారినది; పెనం మీద రొట్టె మారలేదు. పరాయి ఊరిని మనకు సొంత ఊరుగా చేసిన వాటిలో జొన్నకు మొదటి వరుసలో చోటున్నదని నా నమ్మకం.

ఈ నేలకూ జొన్నకూ ఉన్న సంబంధం అల్పమైనది కాదు. ఇక్కడి నల్లరేగడి భూమి వానాకాలంలో తాగిన నీటిని నెలల తరబడి తన కడుపులో దాచుకొంటుంది. ఉత్తర, హస్త కార్తెలలో, అంటే సరిగ్గా ఈ పోషణ మాసం చివరి దినాలలో, రైతు జొన్న విత్తుతాడు. ఆ పైన పెద్ద వానలు లేకున్నా నేలలోని చెమ్మతో, చలికాలపు మంచుతో ఆ పైరు ఎదిగి మాఘ, ఫాల్గుణాలలో కోతకు వస్తుంది. గింజ మనిషికి, చొప్ప పశువుకు. వాన నమ్మకము లేని సీమకు ఇంతకంటే తగిన పంట మరొకటి దొరకడం కష్టం. మన జిల్లాలోని మొహోళ్ పరిశోధన క్షేత్రంలో 1930ల దశకంలో ఎంపిక చేసిన మాల్దండి జొన్న రకం నేటికీ రైతులు విడువని రకం. మంగళవేఢా జొన్నకు 2016లో భౌగోళిక గుర్తింపు లభించినది. హైదరాబాదులోని చిరుధాన్య పరిశోధన సంస్థవారు యాసంగి జొన్నకు ప్రత్యేక కేంద్రాన్ని ఈ షోలాపురంలోనే నడుపుతున్నారు.

ఆ మంగళవేఢాలోనే దామాజీపంతు కథ పుట్టినది. ఒక ఘోర క్షామంలో, బీదరు సుల్తాను గాదెలను అనుమతి లేకుండా తెరిచి ఆకలిగొన్నవారికి ధాన్యం పంచిన అధికారి ఆయన. ఆ ధాన్యపు వెలను పండరి విఠలుడే మారువేషంలో వెళ్లి సుల్తానుకు చెల్లించాడని భక్తులు చెప్పుకొంటారు. గాదెలోని గింజ ఆకలిగొన్నవాని విస్తరిలోకి రావలెనన్నదే ఆ కథలోని ధర్మం. పిల్లలారా, మన ఊరి చుట్టూ పండే గింజ గూర్చి ఇంత చరిత్ర ఉన్నది. అయినను ఆ గింజతో చేసిన రొట్టెను డబ్బాలో తెచ్చుటకు మీలో కొందరు సిగ్గుపడుతున్నారు. ఆ సిగ్గును మీకు నేర్పినవారిలో నావంటి ఉపాధ్యాయులు కూడ ఉన్నారు. ఇక నా తప్పు చెబుతాను.

పాతికేండ్ల క్రిందటి మాట. అప్పుడు నేను వేరొక పాఠశాలలో పనిచేస్తున్నాను. శిక్షణలో నేర్చినదంతా ఆచరణలో పెట్టవలెనన్న ఉత్సాహం. పిల్లలు ఏ రోజు డబ్బాలో ఏమి తేవలెనో ఒక పట్టిక రాసి, ప్రతులు తీయించి ఇంటింటికీ పంపాను. సోమవారం చపాతీ కూర, మంగళవారం ఇడ్లీ, బుధవారం బ్రెడ్డు, ఇట్లా సాగినది. జొన్నరొట్టె అందులో లేదు. వద్దని నేను రాయలేదు. అసలు అది నాకు జ్ఞాపకమే రాలేదు. నా తల్లి చేతి జొన్నరొట్టె తిని పెరిగిన దానను నేను. పట్టభద్రురాలనై, ఉద్యోగం వచ్చిన తర్వాత అది తిండి అన్న సంగతే మరచితిని.

తరగతిలో మూడవ వరుసలో కూర్చునే ఒక బాలిక భోజన విరామంలో డబ్బా తెరవకుండా కుళాయి దగ్గరకు వెళ్లి నీళ్లు తాగి రావడం కొన్నాళ్లు చూచాను. ఇంటి వద్ద తిని వచ్చినదేమో అనుకొన్నాను. ఒక సాయంత్రం ఆమె తల్లి వచ్చినది. బీడీలు చుట్టే మనిషి. ఆకు కత్తిరించిన వేళ్లు, భుజాన మాసిన కొంగు. గుమ్మం బయటనే నిలబడి అన్నది:

"బాయీ, మీరు పంపిన కాగితంల మా ఇంట్ల ఉండే తిండి లేదట. తెల్లారక ముందే లేచి రెండు రొట్టెలు కొట్టి డబ్బాల పెడుతున్న. సిగ్గుపడి అవి అట్లనే వాపస్ తెస్తున్నది. మేము తినేది తిండి కాదా బాయీ?"

ఆమె కోపంతో అడుగలేదు. నిజంగా తెలుసుకొనుటకే అడిగినది. జవాబు చెప్పుటకు నాకు నోరు రాలేదు. మరునాడు ఆ పట్టికను రద్దు చేశాను. ఇంట్లో జొన్నపిండి తెప్పించి, చేయి తప్పిన రొట్టెలను ఎట్లో కాల్చి, పల్లీల పొడి పెట్టుకొని పిల్లల నడుమ కూర్చుండి తిన్నాను. ఆ బాలిక రెండు రోజులు నా వైపు చూడనే లేదు. మూడవ నాడు డబ్బా మూత పూర్తిగా తీసినది. ఆమె ఎన్ని రోజులు పస్తులుండి చదివినదో నేను నేటికీ లెక్క కట్టలేను.

మహాశయులారా! జొన్న మన ఇండ్ల నుండి ఎందుకు తొలగిపోయినదని అడిగితే తల్లులదే తప్పని చెప్పడం తేలిక. అది నిజం కాదు. చౌక ధరల దుకాణంలో ఏండ్ల తరబడి దొరికినవి గోధుమ, బియ్యం. జొన్న దొరికినది అరుదు. 2013 నాటి ఆహార భద్రతా చట్టంలో ముతక ధాన్యాలకు కూడ చోటున్నది, కాని చట్టంలో ఉన్నదంతా సంచిలోకి రాదు. 2023 జనవరి నుండి ఆ ధాన్యం ఉచితమైనది. ఉచితంగా వచ్చిన బియ్యం ఇంట్లో ఉండగా, అంగడిలో గోధుమకంటే ఎక్కువ ధర పలుకుతున్న మంచి మాల్దండి జొన్నను ఏ బీదతల్లి కొనగలదు? పైగా రొట్టె కొట్టుటకు సమయం కావలెను. రోజుకు వేయి బీడీలు చుట్టే చేతులకు ఆ సమయమెక్కడిది? అయిదు రూపాయల పొట్లం చింపి బిడ్డ చేతిలో పెట్టడం సోమరితనం కాదు, అలసట. ఈ సంగతి మరచి మనము చేసే ఏ ప్రచారమైనా తల్లులను నిందించడమే అవుతుంది.

అయితే నష్టం మాత్రం నష్టమే. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో వెలువరించిన పట్టికల ప్రకారం నూరు గ్రాముల జొన్నలో సుమారు 10 గ్రాముల మాంసకృత్తులు, 10 గ్రాముల పీచు, 4 మిల్లీగ్రాముల ఇనుము ఉన్నవి. పాలిష్ పట్టిన బియ్యంలో మాంసకృత్తులు 8 గ్రాములు, పీచు 3 గ్రాములకు లోపు, ఇనుము ఒక మిల్లీగ్రాము కూడ లేదు. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశంలోని 15 నుండి 49 ఏండ్ల స్త్రీలలో నూటికి 57 మంది రక్తహీనతతో ఉన్నట్లు తేలినది. జొన్న తింటే చాలు రక్తహీనత పోతుందని నేను చెప్పడం లేదు. వైద్యుని వద్దకు వెళ్లవలసినవారు వెళ్లవలసిందే. ధాన్యంలోని ఇనుము ఒంటబట్టాలంటే నిమ్మ, జామ, ఉసిరి వంటి పండ్లు తోడు కావలెను. భోజనం వెంటనే తాగే చాయ్ ఆ ఇనుమును సరిగా ఒంటబట్టనీయదు. మగ్గం వద్ద చాయ్ మానుమని చెప్పే ధైర్యం నాకు లేదు. భోజనానికీ చాయ్‌కీ నడుమ ఒక గంట ఎడం ఉంచుకొమ్మని మాత్రం వేడుకొంటున్నాను.

ఇక జాతీయ పండుగల ముచ్చట. మన షోలాపురానికి దేశభక్తిని ఎవరూ కొత్తగా నేర్పనక్కరలేదు. 1930 మే నెలలో ఈ ఊరిపై తెల్లదొరలు సైనిక శాసనం విధించారు. 1931 జనవరి 12న మల్లప్ప ధనశెట్టి, కుర్బాన్ హుసేన్, శ్రీకిసన్ సార్డా, జగన్నాథ శిందే అను నలుగురు వీరులు ఎరవాడ చెరసాలలో ఉరికంబమెక్కారు. స్వదేశీ అన్న మాటకు నేత ఊరికంటె బాగుగా అర్థం తెలిసినవారెవరు? వేరొక చోట నేసిన దుప్పటిని షోలాపురీ చద్దర్ అని అమ్మితే మనకు కడుపు మండుతుంది. మన బట్టను లోకమంతా గౌరవించవలెనని కోరుతాము. అటువంటి మనమే మన నేలపై పండిన గింజను చిన్నచూపు చూచి, ఎక్కడో తయారైన పొట్లాన్ని జెండా పండుగనాడు పిల్లలకు పంచుతున్నాము. బట్టకు ఒక న్యాయం, తిండికి ఒక న్యాయమా?

పండుగ ద్వారా తిండిని నిలబెట్టడం సాధ్యమేనా అని కొందరు మిత్రులు నన్ను అడిగారు. రెండు ఉదాహరణలు చెబుతాను. మన దేశం ప్రతిపాదించగా, 72 దేశాల మద్దతుతో ఐక్యరాజ్య సమితి 2023ను అంతర్జాతీయ చిరుధాన్య సంవత్సరంగా ప్రకటించినది. దానివలన జొన్న, సజ్జ, రాగులకు గౌరవం వచ్చినమాట నిజం. పెద్ద పెద్ద అంగళ్లలో చిరుధాన్యాల బిస్కెట్లు, సేమ్యాలు కొలువుతీరినమాట కూడ నిజం. ఆ అట్టపెట్టెల ధర మన వీధి తల్లికి అందేది కాదు. అది ఒక ఉదాహరణ.

రెండవది మనకు దగ్గరిది. హైదరాబాదు బస్సులో పోవునప్పుడు దారిలో తగిలే జహీరాబాదు ప్రాంతంలో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీకి చెందిన మహిళా రైతులు రెండు దశాబ్దాలకు పైగా పాత పంటల జాతర జరుపుతూ వచ్చారు. సంక్రాంతినాడు మొదలుపెట్టి, ఎడ్లబండ్లను అలంకరించి, రకరకాల విత్తనాలను బుట్టలలో పెట్టుకొని, ఊరూరా సుమారు నెల రోజులు తిరుగుతారు. అక్కడ ఉపన్యాసం వేదికపై ఉండదు. విత్తనం చేతికి వస్తుంది, వంట విస్తరిలోకి వస్తుంది. చెప్పేవారు, పండించేవారు, వండేవారు ఒక్కరే. ఈ రెంటిలో మన బడికి దారి చూపేది ఏదో వేరుగా చెప్పనక్కరలేదు.

తేదీ దేశానిది. కంచంలోనిది మాత్రం మన ఊరిది, మన ఋతువుది కావలెను. కాశ్మీరానికీ కన్యాకుమారికీ ఆగస్టు 15 ఒక్కటే; ఆ దినాన పొలంలో ఉన్న పంట మాత్రం ఒక్కటి కాదు. ఒకే పట్టికను దేశమంతటికీ పంపితే అది నేను పాతికేండ్ల క్రిందట చేసిన పొరపాటే అవుతుంది. మధ్యాహ్న భోజన పథకం కూడ 1995లో ఆగస్టు 15నాడే మొదలైనది. కనుక జాతీయ పండుగకూ పిల్లల కంచానికీ చుట్టరికం కొత్తది కాదు. ఈ జూబిలీ సంవత్సరం నుండి మన బడిలో మూడు పూటలు మన నేల తిండికి కేటాయించవలెనని నా విన్నపం.

మొదటిది స్వాతంత్ర్య దినోత్సవం. అవి ఆషాఢ శ్రావణాల దినాలు. తొలి ఏకాదశికి పేలపిండి, నాగపంచమికి జొన్నపేలాలు చేసుకోవడం మన పెద్దలు విడువని ఆచారం. జెండా వందనం తర్వాత బెల్లం కలిపిన పేలపిండి ముద్ద ప్రతి పిల్ల చేతిలో పెట్టుదము. అది చెడిపోదు, పళ్లెం అడుగదు, పంచుటకు సులువు.

రెండవది ఈ పోషణ మాసం. దీని వెనువెంటనే బతుకమ్మ వస్తుంది. తంగేడు, గునుగు పూలు తెచ్చునప్పుడే సద్దులకు నువ్వుల పొడి, పల్లీల పొడి, రొట్టె నలిపి బెల్లం కలిపి చేసే మలీద సిద్ధమవుతాయి. ఆ మలీద చేయడం ఇంటి అవ్వలకు వచ్చు, ఎం.ఏ., బి.ఎడ్. చదివిన మాకు రాదు. కనుక ఆ ఒక్కనాడు అవ్వలే మా ఉపాధ్యాయినులు. నల్లబల్ల దగ్గర కుర్చీ వేసి వారిని కూర్చుండబెట్టి, పాఠం వారి చేత చెప్పించుదము.

మూడవది గణతంత్ర దినోత్సవం. సిద్ధేశ్వరుని గడ్డ జాతర సందడి ఇంకా తగ్గని దినాలు. పొలంలో జొన్న పాలకంకిగా ఉంటుంది. మన పూర్వులు ఊచబియ్యమన్నా, మరాఠీ సోదరులు హుర్డా అన్నా అది ఒక్కటే. పట్టణవాసులు నేడు తోటలకు వెళ్లి, వందల రూపాయలు చెల్లించి దానిని తిని వస్తున్నారు. ఆ కంకి మన పిల్లలు కూడ నిప్పులపై కాల్చి, అరచేతిలో నలిపి, ఊది తినవలెను. పచ్చిశనగ, రేగుపండు, చెరకుముక్క తోడుంటే అంతకంటే విందు ఏమున్నది? అందరికీ సరిపోయినంత ఊచబియ్యం దొరకకపోతే సజ్జరొట్టె, నువ్వులుండ పెట్టుదము.

దీనికి మూడు నియమాలు పాటించవలెను. ఏ పిల్లా ఇంటి నుండి ఏదీ తేనక్కరలేదు. తెమ్మని అడిగితే మళ్లీ ఒక తల్లి గుమ్మం బయట నిలబడుతుంది. రెండవది, మన రాష్ట్రంలో స్నేహభోజనమనే పేరుతో దాతలు బడి పిల్లలకు భోజనం పెట్టే వీలున్నది. పూర్వ విద్యార్థులు మాకు శాలువలు, పూలగుచ్ఛాలు తేవద్దు. ఒక బస్తా జొన్నలు తెండి. మూడవది, రొట్టెలు కొట్టే పనిని మన వాడలోని తల్లుల చేతనే చేయించి తగిన కూలి ఇవ్వవలెను. మన ఊరి కడక్ రొట్టె నెలల తరబడి నిలువ ఉంటుంది. షేంగా చట్నీ ఊరూరా పేరు పొందినది. సమయం లేని ఇంటికి కూడ ఆ రెండూ పొట్లం కంటె మేలైన తోడు.

ఏడాదిలో మూడు పూటలు జొన్న పెడితే పిల్లల రక్తం పెరుగుతుందా అని ఒక పూర్వ విద్యార్థి నిన్న నన్ను సూటిగా అడిగాడు. పెరుగదు నాయనా. పోషణ ప్రతి దినం ఇంట్లో జరిగే పని; దానికి చౌక దుకాణంలో జొన్న రావలెను, తల్లి చేతికి తగిన కూలి రావలెను. వాటికోసం మీవంటి చదువుకొన్నవారు అర్జీలు రాయవలెను, అడుగవలెను. బడి చేయగలిగినది ఒక్కటే. జాతీయ జెండా క్రింద, అందరి యెదుట, ప్రధానోపాధ్యాయిని మొదలుకొని ఒకటవ తరగతి పిల్ల వరకు ఒకే వరుసలో కూర్చుండి ఆ రొట్టెను తినడం. ఆ తర్వాత ఏ పిల్లా దానిని మూత చాటున దాచుకోదు. మూడు పూటలు పోషణకు చాలవు కాని, గౌరవానికి చాలును.

"మేము తినేది తిండి కాదా బాయీ?" అని అడిగిన తల్లికి నేను ఆనాడు జవాబు చెప్పలేదు. ఆమె ఇప్పుడు ఎక్కడ ఉన్నదో నాకు తెలియదు. ఆమె వంటి తల్లులు ఈ సభలో ఎందరో కూర్చున్నారు. వారి యెదుట నేడు చెబుతున్నాను: అమ్మా, అది తిండే. ఈ నేల ఇచ్చిన మంచి తిండి. వచ్చే జనవరి 26న ఈ ఆవరణలో మీ చేతి రొట్టె కోసం మేమందరము ఎదురుచూస్తుంటాము.

 జై హింద్.